అంబాసిడర్ ఇంజిన్‌కి ఇంజెక్షన్ పెట్టి చూడండి

మెకానికల్ ఇంజినీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టు అనగానే చాలామంది పట్టే దారి మీకు తెలిసిందే. నలుగురైదుగురు తలా కొంత వేసుకుంటారు. ప్రాజెక్టులు చేసిపెట్టే సెంటర్‌కి వెళ్తారు. ఫైలూ మోడలూ పట్టుకొచ్చి, వైవాకి ముందు రోజు రాత్రి బట్టీ పడతారు. మార్కులు వస్తాయి. ఆ తర్వాత ఎప్పుడో ఇంటర్వ్యూలో ‘మీ ప్రాజెక్టులో మీకు ఎదురైన కష్టం ఏమిటి, దాన్నెలా దాటారు?’ అని అడిగితే నోట మాట రాదు. ఎందుకంటే కష్టాలన్నీ పడింది ఆ సెంటర్లో పనిచేసే కుర్రాడు.

ఎగతాళికి అనడం లేదు. కోర్ ఉద్యోగాలు తక్కువ, సీనియర్లంతా సాఫ్ట్‌వేర్ కోచింగ్‌ల చుట్టూ తిరుగుతున్నారు, ఇంట్లో చూస్తే ఫీజుల అప్పు. ఈ పరిస్థితుల్లో ప్రాజెక్టు అనేది తొందరగా వదిలించుకోవాల్సిన తద్దినంలా కనిపించడం సహజం. కానీ నాలుగేళ్ల చదువులో మీ చేతుల్లో పూర్తిగా ఉండేది ఆ ఒక్కటే. దాన్నీ డబ్బులిచ్చి వదులుకుంటే ఇంటర్వ్యూలో చెప్పుకోవడానికి మీకంటూ ఏమీ మిగలదు.

నా సలహా ఇది. ఒక పాత కారు పెట్రోలు ఇంజిన్ సంపాదించి, దాని కార్బురేటర్ విప్పేసి, ఆ స్థానంలో ఫ్యూయల్ ఇంజెక్షన్ అమర్చండి. కొన్న కిట్టు బిగించడం కాదు. లెక్క మీరే వేసి, వైరింగ్ మీరే లాగి, స్టార్ట్ కానప్పుడు ఎందుకు కాలేదో మీరే కనుక్కుని నడిపించడం. మెకానికల్ వాళ్లే కాదు, ట్రిపుల్ఈ, ఈసీఈ, సీఎస్ఈ స్నేహితుల్నీ కలుపుకోండి. వాళ్లు లేకపోతే పని సగంలో ఆగుతుంది. డిప్లొమా, ఐటీఐ వాళ్లయితే ఇంకా మంచిది. స్పానర్ పట్టడం మీకు బీటెక్ వాళ్లకంటే బాగా వచ్చు.

‘ఎలక్ట్రిక్ బండ్లు వచ్చేస్తుంటే ఇప్పుడు పెట్రోలు ఇంజిన్ ఎందుకండీ?’ అని అడుగుతారని తెలుసు. ఆ సంగతికి వస్తాను. ముందు పని చూద్దాం.

అసలు ఏం మారుతుంది?

కార్బురేటర్‌ని చిన్నచూపు చూడకండి. ఒక్క సెన్సర్ లేకుండా, కేవలం గాలి వేగంతో పెట్రోలు కొలిచి ఇచ్చే పరికరం అది. ఇంజిన్ గాలి పీలుస్తుంది. గొట్టం మధ్యలో సన్నబడిన చోట, అంటే వెంచురీ దగ్గర, గాలి వేగం పెరిగి పీడనం తగ్గుతుంది. ఆ తేడాకి ఫ్లోట్ గిన్నెలోని పెట్రోలు జెట్ గుండా పైకి లేచి గాలిలో కలుస్తుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో బెర్నౌలీ సమీకరణం పెట్టి మీరు చేసిన లెక్కలన్నీ ఆ అరచేతంత వస్తువులో ఉన్నాయి. ఐడ్లింగ్‌కి వేరే జెట్, ఒక్కసారిగా తొక్కినప్పుడు పికప్‌ పడిపోకుండా యాక్సిలరేటర్ పంపు, చలి పొద్దున చోక్. వందేళ్లు ప్రపంచాన్ని నడిపింది ఇదే.

దాని బలహీనత ఒకటే. గాలి పలచబడిందా చిక్కబడిందా అన్నది దానికి సరిగ్గా తెలియదు. విశాఖలో చక్కగా ట్యూన్ చేసిన కారుని అనంతగిరి ఘాట్ ఎక్కించి అరకు తీసుకెళ్లండి. సుమారు 900 మీటర్ల ఎత్తులో గాలి దాదాపు పదో వంతు పలచన. పెట్రోలు మాత్రం ఆ నిష్పత్తిలో తగ్గదు. మిశ్రమం రిచ్ అవుతుంది, ఇంజిన్ బరువుగా లాగుతుంది. ఇంజెక్షన్ బండికి ఈ బాధ లేదు. దాని ఈసీయూ గాలి పీడనాన్నీ ఉష్ణోగ్రతనూ కొలిచి, సిలిండర్లోకి ఎంత బరువు గాలి వెళ్లిందో లెక్కకట్టి, దానికి తగ్గ పెట్రోలే చిమ్ముతుంది.

మన దేశంలో ఈ మార్పు నత్తనడకన వచ్చింది. తొలి ఇంజెక్షన్ బైకు హీరో హోండా గ్లామర్ ఎఫ్ఐ 2006లో వచ్చింది. 2007లో బజాజ్ పల్సర్ 220 ఇంజెక్షన్‌తో వచ్చి, 2009లో తిరిగి కార్బురేటర్‌కే వెళ్లింది. కొనేవాళ్లకి ధర ముఖ్యం కదా. చివరికి 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 నిబంధనలు అమల్లోకి రావడంతో కొత్త బైకులూ స్కూటర్లూ దాదాపు అన్నీ ఇంజెక్షన్ అయిపోయాయి. ఆ దెబ్బకి ఊరూరా ఉన్న మెకానిక్‌ల జీవితం మారింది. స్క్రూ తిప్పుతూ శబ్దం విని ట్యూనింగ్ చేసే మేస్త్రి ముందుకి, స్కానర్ పెడితే తప్ప రోగం చెప్పని బండి వచ్చి నిలబడింది. ఆయన చెవికి తెలిసినదాన్నీ స్కానర్ చూపే అంకెల్నీ కలిపి అర్థం చేసుకునే మనుషులు తక్కువ. ఈ ప్రాజెక్టు మిమ్మల్ని అలాంటి మనిషిని చేస్తుంది.

అంబాసిడర్ ఎందుకు?

ఏ పాత ఇంజిన్ అయినా పనికొస్తుంది. మారుతి 800 మొదటి తరం ఇంజిన్ ఇంకా తేలిక. 796 సీసీ, మూడు సిలిండర్లు. ఆ కంపెనీ కార్లే తర్వాతి కాలంలో ఇంజెక్షన్‌కి మారాయి కాబట్టి స్క్రాప్‌లో విడిభాగాలూ దొరుకుతాయి. అయినా నేను అంబాసిడర్ 1489 సీసీ పెట్రోలు ఇంజిన్ వైపే మొగ్గుతాను. అందులో పాఠం పెద్దది.

అది బ్రిటన్‌కి చెందిన బీఎంసీ బి-సిరీస్ ఇంజిన్. నాలుగు సిలిండర్లున్నా గాలి లోపలికి వెళ్లే పోర్టులు రెండే. 1, 2 సిలిండర్లకి ఒకటి, 3, 4 సిలిండర్లకి ఒకటి. వీటిని సయామీస్ పోర్టులంటారు. ఒకే సోడాలో రెండు స్ట్రాలు వేసుకుని ఇద్దరు తాగినట్టు ఉంటుంది వ్యవహారం. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. అంటే రెండో సిలిండర్ తాగిన వెంటనే ఒకటోది తాగుతుంది, ఆ తర్వాత ఆ పోర్టులో చాలాసేపు ఖాళీ. ఇప్పుడు కొత్త కార్లలో ఉన్నట్టు పోర్టు పక్కనే ఇంజెక్టర్ పెట్టి చిమ్మామనుకోండి. ముందు తాగేదానికి ఎంత పోయింది, వెనక తాగేదానికి ఎంత మిగిలింది? పంపకం తేడా వస్తే ఒక సిలిండర్ రిచ్, ఇంకోటి లీన్. సైలెన్సర్ దగ్గర సగటు చూస్తే మాత్రం అంతా బాగానే ఉన్నట్టు కనిపిస్తుంది.

దీనితో తిప్పలు పడింది మీరొక్కరే కాదు. ఇదే కుటుంబంలోని చిన్న ఇంజిన్, ఏ-సిరీస్, బ్రిటిష్ మినీ కారులో ఉండేది. దాన్ని ఇంజెక్షన్‌కి మార్చాల్సి వచ్చినప్పుడు రోవర్ కంపెనీ 1991లో కార్బురేటర్ ఉన్న చోటే ఒకే ఇంజెక్టర్ పెట్టింది. 1996 నాటికి పోర్టుకొకటి చొప్పున రెండు పెట్టింది. నాలుగు సిలిండర్లకి రెండు ఇంజెక్టర్లేమిటని ఎవరైనా నవ్వితే వాళ్లకి ఆ సిలిండర్ హెడ్ సంగతి తెలియదన్నమాట. మీరు మొదటి దారే పట్టండి. కార్బురేటర్ కూర్చునే చోట ఇంజెక్టర్లున్న థ్రాటిల్ బాడీ కూర్చోబెట్టండి. మానిఫోల్డ్ పాతదే ఉంటుంది, పని ఒక సెమిస్టర్లో తేలుతుంది. రెండో దారి మీ జూనియర్లకి వదలండి.

కాగితం మీద ముందు నడపాలి

ఈ ఇంజిన్ శక్తి సుమారు 50 హార్స్‌పవర్. ఇలాంటి పెట్రోలు ఇంజిన్ పూర్తి లోడు మీద హార్స్‌పవర్‌కి గంటకి ఇంచుమించు 230 గ్రాముల పెట్రోలు తాగుతుంది. అంటే గంటకి 11,500 గ్రాములు, నిమిషానికి 192 గ్రాములు. పెట్రోలు సాంద్రత 0.74 అనుకుంటే నిమిషానికి దాదాపు 260 సీసీ. ఇంజెక్టర్‌ని నూటికి నూరు శాతం తెరిచి ఉంచకూడదు, 80 శాతం దగ్గర ఆపాలి. కాబట్టి మొత్తం 325 సీసీ సామర్థ్యం కావాలి. రెండు ఇంజెక్టర్లయితే ఒక్కోటి 160 సీసీ పైన. అంతకంటే మరీ పెద్దవి పెడితే ఐడ్లింగ్‌లో చిన్న మోతాదు ఇవ్వలేక ఇంజిన్ ఓవర్ అవుతుంది, మరీ చిన్నవైతే పైన లీన్ అవుతుంది. ఆటోనగర్ స్క్రాప్ షాపులో ఇంజెక్టర్ చేతిలో పట్టుకున్నప్పుడు ఏది అడగాలో ఈ నాలుగు పంక్తులు చెబుతాయి.

ఇంకో లెక్క. ఒక్కో సిలిండర్ 372 సీసీ. లీటరు గాలి బరువు సుమారు 1.2 గ్రాములు. సిలిండర్ నిజంగా నిండేది 80 శాతమే అనుకుంటే ఒక్కసారికి 357 మిల్లీగ్రాముల గాలి. పెట్రోలు పూర్తిగా మండడానికి 14.7 పాళ్ల గాలికి ఒక పాలు పెట్రోలు కావాలి కాబట్టి 24 మిల్లీగ్రాములు. 3000 ఆర్పీఎమ్‌లో నాలుగు సిలిండర్లూ కలిపి సెకనుకి వందసార్లు ఇలా అడుగుతాయి. ఆ వంద సార్లూ సరైన జవాబు ఇవ్వడమే ఈసీయూ పని. ఇందులో ‘80 శాతం’ అన్న అంకె నిజానికి స్థిరంగా ఉండదు. వేగాన్ని బట్టి, థ్రాటిల్‌ని బట్టి మారుతుంది. ఆ మార్పుల పట్టికనే వీఈ టేబుల్ అంటారు. 16 అడ్డవరసలు, 16 నిలువువరసలు ఉంటే 256 గళ్లు. ఒక్కో గడినీ ఇంజిన్‌తో మాట్లాడి నింపడమే కాలిబ్రేషన్. కంపెనీల్లో ఆ పేరుతో ఉద్యోగాలున్నాయి. మీరు చేసేది దాని బాల్యరూపం.

ఈసీయూకి స్పీడ్యూనో చూడండి. ఆర్డునో మెగా బోర్డు మీద నడిచే ఓపెన్ సోర్స్ ప్రాజెక్టు అది. కోడ్ మొత్తం తెరిచి చదువుకోవచ్చు. సీఎస్ఈ స్నేహితుడికి పని దొరికేది ఇక్కడే. మూసేసిన నల్లపెట్టె కొనుక్కొస్తే బండి నడుస్తుందేమో కానీ లోపల ఏం జరిగిందో ఇంటర్వ్యూలో చెప్పలేరు.

పని ఆగిపోయే చోట్లు

పుస్తకాలు పెద్దగా పట్టించుకోని సంగతులు ఇక్కడున్నాయి. మొదటిది కరెంటు. పాత అంబాసిడర్లలో డైనమో ఉంటుంది, ఐడ్లింగ్‌లో అది సరిగ్గా చార్జ్ చేయదు. కార్బురేటర్ బండికి అది చెల్లింది. ఎలక్ట్రిక్ పెట్రోలు పంపు, ఈసీయూ, ఇంజెక్టర్లు తగిలించాక చెల్లదు. ఆల్టర్నేటర్ పెట్టాల్సిందే. వోల్టేజి పడితే ఇంజెక్టర్ తెరుచుకునే సమయం కూడా మారుతుంది, మీ లెక్కంతా తప్పుతుంది.

రెండోది వేగం సిగ్నల్. పాయింట్ల డిస్ట్రిబ్యూటర్ నుంచి వచ్చే సిగ్నల్ ముళ్లకంపలా ఉంటుంది. క్రాంక్ పుల్లీకి 36 పళ్లలో ఒకటి తీసేసిన చక్రం బిగించి, పక్కన సెన్సర్ పెట్టండి. ఖాళీ పన్ను వచ్చినప్పుడల్లా క్రాంక్ ఎక్కడుందో ఈసీయూకి తెలుస్తుంది. చక్రం కొంచెం వంకరగా తిరిగినా, సెన్సర్ దూరం ఎక్కువైనా లెక్క తప్పి ఇంజిన్ దగ్గుతుంది. స్పార్క్ ప్లగ్ తీగలు రెసిస్టెన్స్ ఉన్నవే వాడాలి, లేదంటే స్పార్క్ వచ్చినప్పుడల్లా ఈసీయూ కంగారు పడుతుంది. ఎర్త్ విషయం అయితే చెప్పనే అక్కర్లేదు. సెన్సర్ల ఎర్త్ ఒక చోట, ఇంజిన్ ఎర్త్ ఇంకోచోట తుప్పు మీద బిగించి, వారం రోజులు సాఫ్ట్‌వేర్‌ని తిట్టుకునే బ్యాచ్‌లు ప్రతిచోటా ఉంటాయి.

మూడోది నిప్పు. ఇక్కడ మాత్రం గట్టిగా చెబుతున్నాను. కార్బురేటర్‌కి పెట్రోలు పంపే పాత పంపు ఒత్తిడి ఒక బార్‌లో మూడో వంతు కూడా ఉండదు. ఇంజెక్షన్‌కి సుమారు 3 బార్ కావాలి. పాత రబ్బరు గొట్టం, పాత క్లిప్పు ఆ ఒత్తిడికి ఆగవు, వేడి ఎగ్జాస్ట్ మీదే ఊడతాయి. ఇంజెక్షన్ కోసం చేసిన గొట్టం, దానికి తగ్గ క్లాంపులు, ట్యాంకుకి తిరుగు లైను, ఇంజిన్ ఆగితే పంపు తనంతట తాను ఆగే రిలే. వీటిలో ఏది లేకపోయినా సెల్ఫ్ కొట్టొద్దు. అగ్నిమాపక సిలిండర్ చేతికందే దూరంలో ఉండాలి, ల్యాబ్ అసిస్టెంట్ బీరువాలో కాదు.

ఇన్ని కష్టాలు పడితే ఏమొస్తుంది? అంబాసిడర్ రేసు కారు కాదు, ఆ ఆశ పెట్టుకోకండి. శక్తి పెద్దగా పెరగదు. కానీ మే నెల మధ్యాహ్నం విజయవాడ ట్రాఫిక్‌లో ఆగిపోయిన అంబాసిడర్, పెట్రోలు పంపు మీద తడిగుడ్డ వేస్తున్న డ్రైవరు - మీ నాన్నగారిని అడిగితే చెబుతారు. లైనులో పెట్రోలు మరిగి ఆవిరై పంపు ఆగిపోవడం అది. 3 బార్ ఒత్తిడిలో తిరుగుతూ ఉండే పెట్రోలు అంత తేలిగ్గా మరగదు. ఇంకోటి, ఇప్పటి ఇంధనం. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు 2023 ఫిబ్రవరిలో మొదలై ఇప్పుడు బంకుల్లో మామూలైంది. దానికి కావాల్సిన గాలి నిష్పత్తి 14.7 కాదు, సుమారు 13.5. స్వచ్ఛమైన పెట్రోలు కోసం చేసిన జెట్‌తో పాత ఇంజిన్ ఏడెనిమిది శాతం లీన్‌గా నడుస్తుంది. సైలెన్సర్‌లో ఆక్సిజన్ సెన్సర్ ఉన్న ఇంజెక్షన్ ఇంజిన్ ఆ తేడాని పసిగట్టి తనే సర్దుకుంటుంది. ఈ ఒక్క అంశం మీద ముందూ తర్వాతా కొలతలు తీసినా మంచి ప్రాజెక్టు రిపోర్టు అవుతుంది.

కారు జోలికి వెళ్లే ముందు

తాతగారి కారు షెడ్డులో ఉందని దాని మీద పడకండి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం, మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, చాసిస్, బాడీ, ఇంజిన్ పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న కారుకి వింటేజ్ గుర్తింపు దొరుకుతుంది. అలాంటిదాన్ని కోసి ఇంజెక్షన్ పెట్టడం నా దృష్టిలో పాపం. మామూలు పాత కారైనా సరే, మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ వాహనంలో ఇష్టమొచ్చిన మార్పుల్ని ఒప్పుకోదు. రోడ్డు మీదకి తేవాలనుకుంటే ముందే ఆర్టీఏ ఆఫీసులో అడగండి. ప్రాజెక్టుకి కారు అక్కర్లేదు, ఇంజిన్ చాలు. ఇనుప స్టాండు మీద బిగించి, రేడియేటర్, బ్యాటరీ, సైలెన్సర్ తగిలిస్తే కాలేజీ వర్క్‌షాపు ఆవరణలోనే నడుస్తుంది. తీసిన కార్బురేటర్ పారేయొద్దు, కొలతలు పోల్చడానికి మళ్లీ బిగించాల్సి వస్తుంది.

ఇక ఎలక్ట్రిక్ వాహనాల ప్రశ్న. సెన్సర్ చదవడం, పట్టిక చూసి నిర్ణయం తీసుకోవడం, ఫలితం కొలిచి దిద్దుకోవడం - మీరు ఈ ప్రాజెక్టులో నేర్చుకునేది ఇదే. మోటార్ కంట్రోలర్ చేసేదీ, బ్యాటరీ మేనేజ్‌మెంట్ చేసేదీ ఇదే. ఇంజెక్టర్ బదులు ట్రాన్సిస్టర్, మానిఫోల్డ్ పీడనం బదులు కరెంటు. ‘ఈవీ కోర్సు’ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చి, ఎర్త్ సరిగా లేకపోతే సిగ్నల్ ఏమవుతుందో చెప్పలేని అభ్యర్థి కంటే, పాత పెట్రోలు ఇంజిన్ దగ్గర ఆ తిప్పలు పడిన అభ్యర్థే ఈవీ కంపెనీకీ అక్కరకొస్తారని నా నమ్మకం. పైగా పెనుకొండలో కియా ఫ్యాక్టరీ నుంచి బయటికొస్తున్న వాటిలో పెట్రోలు కార్లున్నాయి, రోడ్ల మీద ఉన్న కోట్ల బండ్లలో ఎక్కువ భాగం ఇంకా పెట్రోలుతోనే నడుస్తున్నాయి. వాటికి రోగం వస్తే చూసేవాళ్లు కావాలి కదా. ఈ ఒక్క ప్రాజెక్టు చూసి పిలిచి ఉద్యోగమిస్తారని చెబితే అది అబద్ధం. మీ దగ్గర చెప్పడానికి అరగంట సరుకు ఉంటుందని మాత్రం చెప్పగలను.

ఆ సరుకు ఒక నోటుపుస్తకంలో ఉండాలి. రోజూ రాయండి. ఏం పనిచేయలేదు, ఎందుకనుకున్నారు, ఏం కొలిచారు, ఏం తేలింది. ‘వేడెక్కాక స్టార్ట్ కావడం లేదు. ఇంజెక్టర్ లీకు అనుకున్నాం. పంపు ఆపి పదిహేను నిమిషాలు ప్రెషర్ గేజి చూశాం, పడలేదు. అయితే లీకు కాదు.’ ఇలా. రెజ్యూమెలో ‘హార్డ్ వర్కింగ్, టీమ్ ప్లేయర్’ అని రాసే చోట ఇందులోంచి రెండు పంక్తులు రాయండి. ఇంటర్వ్యూకి ఆ పుస్తకం నూనె మరకలతో సహా తీసుకెళ్లండి.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటారా? మీ ఊళ్లో పాతకాలపు మేస్త్రి ఒకాయన ఉంటారు. ఆయన దగ్గర నాలుగు శనివారాలు కూర్చోండి. ‘అన్నా, కార్బురేటర్ విప్పి చూపిస్తారా’ అని అడిగితే కాదనేవాళ్లు తక్కువ. బదులుగా మీరు ఆయనకి స్కానర్ చదవడం నేర్పొచ్చు, ఆయనకి ఇప్పుడు అదే కావాలి. ఇంజిన్ దొరికేదాకా ఆగక్కర్లేదు. ఒక ఆర్డునో బోర్డు మీద స్పీడ్యూనో ఎక్కించండి, ఇంకో ఆర్డునోతో ఉత్తుత్తి క్రాంక్ సిగ్నల్ పంపండి, ఇంజెక్టర్ల బదులు ఎల్ఈడీలు పెట్టండి. 24 మిల్లీగ్రాముల లెక్క బల్ల మీద మినుకుమినుకుమంటూ కనిపిస్తుంది. ఆ పనికి వచ్చే ఆదివారం చాలు.